వీవీటీ, వీటెక్, వానోస్.. మీ కారు ఇంజిన్‌లో అసలు జరిగేదేంటి? ఆయిల్ విషయంలో అశ్రద్ధ చేస్తే జేబుకు చిల్లే!

కాశిబుగ్గ (వరంగల్): మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు సరుకు వచ్చే రోజుల్లో కాశిబుగ్గ మీదుగా కారు నడపడమంటే ఓపికకు పరీక్షే. ముందు ట్రాక్టర్, పక్కన ట్రాలీ ఆటో, వెనక నుంచి హారన్ల మోత. ఫస్ట్ గేర్, సెకండ్ గేర్ తప్ప మూడో గేర్ పడే చాన్సే ఉండదు. అదే కారు హన్మకొండ, కాజీపేట దాటి హైదరాబాద్ హైవే ఎక్కిందంటే గంటకు 100 కిలోమీటర్ల స్పీడ్ అందుకుంటుంది. కారు అదే, ఇంజిన్ అదే. కానీ ఈ రెండు చోట్లా ఆ ఇంజిన్ గాలి పీల్చుకోవాల్సిన తీరు మాత్రం ఒకటి కాదు.

ఈ తేడాను సర్దేందుకే కంపెనీలు వేరియబుల్ వాల్వ్ టైమింగ్ అనే టెక్నాలజీ తెచ్చాయి. మారుతిలో వీవీటీ, టయోటాలో వీవీటీ-ఐ, హోండాలో వీటెక్, హ్యుందాయ్‌లో వీటీవీటీ, బీఎండబ్ల్యూలో వానోస్.. పేర్లు చాలానే ఉన్నాయి. బ్యాడ్జి చూసి కారు కొంటాం గానీ లోపల అది ఏం చేస్తుందో చాలామందికి తెలియదు. ఇది తెలిస్తే లాభం ఏంటంటారా? వీటిలో ఎక్కువ భాగం మనం గ్యారేజీలో మార్పించే ఇంజిన్ ఆయిల్ మీదే ఆధారపడి పనిచేస్తాయి. ఆయిల్ చెడితే ఇవీ చెడతాయి. ఆ వివరాలు చూద్దాం.

ముందుగా.. వాల్వులు చేసే పనేంటి?

పెట్రోల్ ఇంజిన్ నాలుగు దశల్లో పనిచేస్తుంది. గాలి, పెట్రోల్ లోపలికి పీల్చుకోవడం, దాన్ని నొక్కడం, మండించడం, పొగను బయటికి నెట్టడం. లోపలికి గాలి వచ్చే తలుపు ఇన్‌టేక్ వాల్వ్. పొగ బయటికి పోయే తలుపు ఎగ్జాస్ట్ వాల్వ్. ఈ రెండింటినీ తెరిచి మూసేది క్యామ్ షాఫ్ట్. అది ఒక పొడవాటి కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బెత్తు భాగాలుంటాయి. వాటినే క్యామ్ లోబ్‌లు అంటారు. కడ్డీ తిరుగుతుంటే ఆ ఉబ్బు వచ్చి వాల్వ్‌ను నొక్కుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. ఉబ్బు దాటిపోగానే స్ప్రింగ్ దాన్ని మూసేస్తుంది.

ఈ క్యామ్ షాఫ్ట్‌ను తిప్పేది టైమింగ్ చైన్ లేదా బెల్ట్. కింద క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. సిగ్నల్ దగ్గర బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ సుమారు 800 ఆర్‌పీఎం మీద తిరుగుతుంది. అప్పుడు ఒక్కో వాల్వ్ సెకనుకు ఆరేడు సార్లు తెరుచుకుంటుంది. అదే 6,000 ఆర్‌పీఎం దగ్గరైతే సెకనుకు 50 సార్లు! గాలి పీల్చుకునేందుకు పిస్టన్‌కు దొరికే టైమ్ సెకనులో 200వ వంతు మాత్రమే. ఆ కాస్త టైమ్‌లోనే సిలిండర్ నిండాలి.

ఒకే టైమింగ్‌తో వచ్చే చిక్కేంటి?

దీన్ని ఆర్టీసీ బస్సుతో పోల్చుకుంటే ఈజీగా అర్థమవుతుంది. పండగ రద్దీలో బస్సు కదలబోతున్నా జనం తోసుకుంటూ ఎక్కుతూనే ఉంటారు. అప్పుడు డోర్ ఒక్క క్షణం ఆలస్యంగా మూస్తే ఇంకో నలుగురు ఎక్కుతారు. కానీ ఖాళీ బస్సులో డోర్ అలాగే తెరిచి ఉంచితే ఎక్కేవాళ్లు లేకపోగా, ఎక్కినవాళ్లే దిగిపోవచ్చు.

ఇంజిన్‌లో కూడా ఇంతే. హై స్పీడ్‌లో గాలి ఒక ఊపు మీద లోపలికి దూసుకొస్తుంది. పిస్టన్ కిందికి వెళ్లి మళ్లీ పైకి రావడం మొదలుపెట్టినా ఆ ఊపు ఆగదు. అందుకే ఇన్‌టేక్ వాల్వ్‌ను కాస్త ఆలస్యంగా మూస్తే ఎక్కువ గాలి నిండుతుంది, పవర్ పెరుగుతుంది. తక్కువ స్పీడ్‌లో గాలికి ఆ ఊపు ఉండదు. అప్పుడు కూడా వాల్వ్ ఆలస్యంగా మూస్తే పైకి వస్తున్న పిస్టన్ గాలిని వెనక్కి నెట్టేస్తుంది. ఫలితం.. పికప్ పడిపోతుంది.

ఇంకో విషయం కూడా ఉంది. పొగ బయటికి పోతున్న చివరి క్షణంలో, ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూయకముందే ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకోవడం మొదలవుతుంది. రెండూ కలిసి తెరిచి ఉండే ఈ కొద్ది సమయాన్నే ఓవర్‌ల్యాప్ అంటారు. హై స్పీడ్‌లో ఇది మంచిదే. బయటికి పోయే పొగ వెనకాలే కొత్త గాలిని లాక్కొస్తుంది. కానీ ఐడిల్‌లో ఓవర్‌ల్యాప్ ఎక్కువైతే పొగ తిరిగి లోపలికే వస్తుంది. బండి వణుకుతుంది, ఆగిపోయినట్టు అనిపిస్తుంది.

పాత ఇంజిన్లలో టైమింగ్ ఒక్కసారి సెట్ చేస్తే అంతే. కంపెనీ ఎటో ఒకవైపు మొగ్గాలి, లేదంటే మధ్యలో రాజీ పడాలి. సిటీలో బాగా లాగే ఇంజిన్ హైవే మీద చప్పబడేది. హైవే మీద దూసుకెళ్లే ఇంజిన్ ట్రాఫిక్‌లో మొరాయించేది. ఈ రాజీని తప్పించడమే వేరియబుల్ వాల్వ్ టైమింగ్ పని.

మొదటి రకం: క్యామ్‌ను కాస్త ముందుకు, వెనక్కి తిప్పడం

మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించేది ఇదే. దీన్ని క్యామ్ ఫేజింగ్ అంటారు. మారుతి వీవీటీ, టయోటా వీవీటీ-ఐ, హ్యుందాయ్ వీటీవీటీ, కియా సీవీవీటీ, బీఎండబ్ల్యూ వానోస్.. పేర్లు వేరైనా కిటుకు ఒక్కటే.

టైమింగ్ చైన్ నేరుగా క్యామ్ షాఫ్ట్‌ను తిప్పకుండా, మధ్యలో ఫేజర్ అనే గుండ్రటి భాగం ఉంటుంది. దాని బయటి భాగం చైన్‌తో తిరుగుతుంది. లోపల రెక్కలున్న చక్రం క్యామ్ షాఫ్ట్‌కు బిగించి ఉంటుంది. ఆ రెక్కలకు రెండు వైపులా చిన్న గదులుంటాయి. వాటిలోకి ఇంజిన్ ఆయిల్ ప్రెషర్‌తో వస్తుంది. ఒకవైపు ఆయిల్ నింపితే క్యామ్ కొన్ని డిగ్రీలు ముందుకు జరుగుతుంది, వాల్వ్ ముందే తెరుచుకుంటుంది. రెండో వైపు నింపితే వెనక్కి జరుగుతుంది, వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుంటుంది.

ఏ వైపు ఎంత ఆయిల్ పంపాలో డిసైడ్ చేసేది ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ. క్రాంక్ సెన్సర్, క్యామ్ సెన్సర్ ఇచ్చే లెక్కలు, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది.. ఇవన్నీ చూసి ఆయిల్ కంట్రోల్ వాల్వ్‌కు కరెంట్ సిగ్నల్ పంపుతుంది. మన మెకానిక్‌లు వీవీటీ సోలనాయిడ్ అని పిలిచేది దీన్నే. ఇంజిన్ ఆపినప్పుడు ఆయిల్ ప్రెషర్ ఉండదు కాబట్టి, ఒక చిన్న పిన్ను ఫేజర్‌ను ఒకే చోట లాక్ చేసి ఉంచుతుంది.

మొదట్లో ఇది ఇన్‌టేక్ వైపు మాత్రమే ఉండేది. తర్వాత ఎగ్జాస్ట్ క్యామ్‌కు కూడా పెట్టారు. దాన్నే డ్యుయల్ వీవీటీ అంటున్నారు. మారుతి 1.2 లీటర్ డ్యుయల్‌జెట్ ఇంజిన్‌లో, 2020లో వచ్చిన డిజైర్‌లో చూసింది ఇదే. ఏపీలోని పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉన్న కియా ప్లాంట్ నుంచి 2019 ఆగస్టులో బయటికొచ్చిన సెల్టోస్ 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్‌లోనూ రెండు క్యామ్‌లకూ ఈ ఏర్పాటు ఉంది. అంటే మన తెలుగు నేల మీద తయారయ్యే కార్లలోనే ఈ టెక్నాలజీ ఉందన్నమాట.

రెండు వైపులా కంట్రోల్ ఉంటే పొల్యూషన్ విషయంలో కూడా లాభం. అవసరమైనప్పుడు కొద్దిగా పొగను సిలిండర్‌లోనే మిగిల్చి మంట వేడిని తగ్గించవచ్చు. దానివల్ల హానికరమైన నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 రూల్స్ వచ్చాక ఇలాంటి కంట్రోల్‌కు విలువ ఇంకా పెరిగింది.

కొన్ని కొత్త ఇంజిన్లలో ఆయిల్ బదులు ఎలక్ట్రిక్ మోటార్‌తోనే ఫేజర్‌ను తిప్పుతున్నారు. టయోటా వీవీటీ-ఐఈ ఇలాంటిదే. ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు కాబట్టి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పటి నుంచే ఇది పనిచేయగలదు.

రెండో రకం: ఏకంగా క్యామ్ లోబ్‌నే మార్చేయడం

మొదటి రకంలో వాల్వ్ ఎప్పుడు తెరుచుకోవాలో మారుతుంది. ఎంత ఎత్తు తెరుచుకోవాలన్నది మాత్రం మారదు. హోండా ఇంకో దారి పట్టింది. 1989లో జపాన్‌లో ఇంటెగ్రా కారుతో వీటెక్‌ను తెచ్చింది. ఆ 1.6 లీటర్ ఇంజిన్ 160 హార్స్‌పవర్ ఇచ్చింది. టర్బో లేకుండా లీటర్‌కు 100 హార్స్‌పవర్ అంటే అప్పట్లో మామూలు విషయం కాదు.

ఇందులో రెండు వాల్వులకు మూడు క్యామ్ లోబ్‌లు ఉంటాయి. అటూ ఇటూ చిన్నవి, మధ్యలో పెద్దది. మామూలు స్పీడ్‌లో చిన్న లోబ్‌లే వాల్వులను నొక్కుతాయి. పెద్ద లోబ్ ఊరికే తిరుగుతుంది. ఆర్‌పీఎం పెరగగానే ఆయిల్ ప్రెషర్‌తో ఒక పిన్ను జరిగి మూడు రాకర్ ఆర్మ్‌లనూ ఒకటిగా కట్టేస్తుంది. అప్పటి నుంచి పెద్ద లోబ్‌దే పెత్తనం. వాల్వులు ఎక్కువ ఎత్తు, ఎక్కువ సేపు తెరుచుకుంటాయి. పాత వీటెక్ కార్ల ఫ్యాన్స్ చెప్పే ఆ 'కిక్' ఇదే.

యూత్‌కు బాగా తెలిసిన యమహా ఆర్15 బైక్‌లో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. 2018లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి దానికి వీవీఏ ఇచ్చారు. 7,400 ఆర్‌పీఎం దగ్గర క్యామ్ మారుతుంది.

ఫోక్స్‌వ్యాగన్ టైగన్, స్కోడా కుషాక్‌లలోని 1.5 లీటర్ టర్బో ఇంజిన్‌లో ఇదే ఆలోచన మరో రూపంలో కనిపిస్తుంది. లోడ్ తక్కువగా ఉన్నప్పుడు క్యామ్ లోబ్‌లు పక్కకు జరుగుతాయి. నాలుగు సిలిండర్లలో రెండింటి వాల్వులు అసలు తెరుచుకోవు. ఆ రెండు సిలిండర్లు రెస్ట్ తీసుకుంటాయి, పెట్రోల్ ఆదా అవుతుంది.

మూడో రకం: వాల్వ్ ఎత్తునే కొలిచి తెరవడం

మామూలు పెట్రోల్ కారులో యాక్సిలరేటర్ తొక్కితే థ్రాటిల్ అనే మూత తెరుచుకుంటుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఆ మూత దాదాపు మూసే ఉంటుంది. నొక్కుకుపోయిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగితే ఎంత కష్టమో, ఇంజిన్‌కు అప్పుడు గాలి పీల్చడం అంత కష్టం. ఆ కష్టానికి కూడా పెట్రోల్ ఖర్చవుతుంది.

1992లో వానోస్, 1996లో డబుల్ వానోస్ తెచ్చిన బీఎండబ్ల్యూ 2001లో వాల్వ్‌ట్రానిక్‌తో ఈ సమస్యకు పరిష్కారం చూపించింది. ఒక ఎలక్ట్రిక్ మోటార్ ఇన్‌టేక్ వాల్వ్ ఎంత ఎత్తు తెరుచుకోవాలో మారుస్తూ ఉంటుంది. మిల్లీమీటరు కన్నా తక్కువ నుంచి దాదాపు 10 మిల్లీమీటర్ల వరకు. గాలిని వాల్వే కొలిచి పంపుతుంది కాబట్టి మామూలు టైమ్‌లో థ్రాటిల్‌తో పెద్దగా పని ఉండదు.

ఫియట్ 2009లో తెచ్చిన మల్టీఎయిర్‌ది మరో పద్ధతి. క్యామ్‌కు, ఇన్‌టేక్ వాల్వ్‌కు మధ్య ఇనుప లింకు బదులు ఆయిల్ నిండిన చిన్న గది ఉంటుంది. ఆయిల్ అందులో బంధించి ఉంటే క్యామ్ నొక్కినంతా వాల్వ్ తెరుచుకుంటుంది. సోలనాయిడ్ తెరిచి ఆయిల్ వదిలేస్తే వాల్వ్ మధ్యలోనే మూసుకుంటుంది. 2017లో మన మార్కెట్‌లోకి వచ్చిన జీప్ కంపాస్ 1.4 లీటర్ పెట్రోల్ మోడల్‌లో ఉన్నది ఇదే.

నాలుగో రకం: ఎంత సేపు తెరిచి ఉంచాలో మార్చడం

ఎప్పుడు తెరవాలి, ఎంత ఎత్తు తెరవాలి.. ఈ రెండూ అయ్యాయి. మరి ఎంత సేపు తెరిచి ఉంచాలి? 2019లో హ్యుందాయ్ సీవీవీడీ పేరుతో దీనికి సమాధానం ఇచ్చింది. వాల్వ్ తెరిచి ఉండే సమయాన్నే డ్రైవింగ్‌కు తగ్గట్టు పెంచడం, తగ్గించడం దీని ప్రత్యేకత. దీంతో పర్ఫార్మెన్స్ 4 శాతం, మైలేజీ 5 శాతం మెరుగవుతాయని, పొల్యూషన్ 12 శాతం తగ్గుతుందని కంపెనీ ప్రకటించింది.

హైబ్రిడ్ కార్ల మైలేజీ వెనక కూడా వాల్వ్ టైమింగ్ ఉంది. ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ లాంటి వాటిలో ఇన్‌టేక్ వాల్వ్‌ను కావాలనే ఆలస్యంగా మూస్తారు. దీన్ని అట్కిన్‌సన్ సైకిల్ అంటారు. ఇంజిన్ పవర్ కాస్త తగ్గుతుంది గానీ, మండిన పెట్రోల్ నుంచి ఎక్కువ పని రాబట్టుకోవచ్చు. తగ్గిన పవర్‌ను ఎలక్ట్రిక్ మోటార్ భర్తీ చేస్తుంది.

ఇంతకీ రోడ్డు మీదికి వచ్చిన మొదటి వేరియబుల్ వాల్వ్ టైమింగ్ కారు ఏదో తెలుసా? ఇటలీకి చెందిన ఆల్ఫా రోమియో స్పైడర్, 1980లో. అంటే ఈ టెక్నాలజీ వయసు 40 ఏళ్లు దాటిపోయింది.

అసలు ప్రాబ్లమ్ ఎక్కడొస్తుంది?

ఇప్పుడు మన జేబుకు సంబంధించిన విషయానికి వద్దాం. పైన చెప్పిన రకాల్లో చాలావరకు ఇంజిన్ ఆయిల్‌తోనే నడుస్తాయి. ఇక్కడ ఆయిల్ భాగాలు అరిగిపోకుండా చూడటమే కాదు, ఫేజర్‌ను జరిపే చెయ్యి కూడా అదే. సోలనాయిడ్ లోపలి దారులు చాలా సన్నగా ఉంటాయి. చాలా ఇంజిన్లలో వాటి ముందు సన్నటి జాలీ కూడా ఉంటుంది.

ఆయిల్ టైమ్‌కు మార్చకపోతే నల్లగా, జిగటగా మడ్డి కడుతుంది. ఆ మడ్డి జాలీకి అడ్డుపడితే ఫేజర్‌కు ఆయిల్ అందదు, లేదా ఒకే చోట ఇరుక్కుపోతుంది. ఆయిల్ లెవల్ తగ్గినా, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ కాకుండా మరీ చిక్కటి ఆయిల్ పోసినా ఇదే తిప్పలు. 'మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది' అని ఎవరో చెప్పారని 0డబ్ల్యూ-20 పోయాల్సిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే కొత్త ప్రాబ్లమ్ కొని తెచ్చుకున్నట్టే.

ఇంకో సంగతి. రోజూ ఇంటి నుంచి షాపుకు రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారుకు ప్రమాదం తక్కువ అనుకుంటాం. నిజానికి అలాంటి కారు ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. ఆయిల్‌లో కలిసిన తేమ, పెట్రోల్ ఆవిరై పోవు. ఆయిల్ త్వరగా పాడవుతుంది. అందుకే మాన్యువల్‌లో ఇలాంటి వాడకాన్ని కఠినమైన వాడకంగా లెక్కేసి, ఆయిల్ ముందే మార్చమంటారు. చాలా పెట్రోల్ కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది లెక్క. కారు తక్కువ తిరిగింది కదా అని ఏడాది దాటించొద్దు.

ఈ లక్షణాలు కనిపిస్తే జాగ్రత్త

- పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ ముందు భాగం నుంచి కొన్ని సెకన్లు గలగలమని శబ్దం రావడం
- సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి వణకడం, ఆగిపోవడం
- పికప్, మైలేజీ ఉన్నట్టుండి తగ్గడం
- డాష్‌బోర్డ్‌లో చెక్ ఇంజిన్ లైట్ వెలగడం

స్కానర్ పెడితే పీ0010, పీ0011, పీ0012 లాంటి కోడ్‌లు రావచ్చు. ఇవి వాల్వ్ టైమింగ్ కంట్రోల్‌కు సంబంధించినవి. పీ0016 వస్తే క్రాంక్, క్యామ్ లెక్కలు కలవడం లేదని అర్థం. అప్పుడు టైమింగ్ చైన్ సాగిందేమో కూడా చూడాలి.

కోడ్ రాగానే ఫేజర్ మొత్తం మార్చేయాలని కంగారు పడొద్దు. ఒక వరుసలో వెళ్లాలి. ముందు ఆయిల్ లెవల్, దాని రంగు చూడాలి. తర్వాత సరైన గ్రేడ్ ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఆ తర్వాత సోలనాయిడ్ ఊడదీసి, జాలీ క్లీన్ చేసి, దాని వైరింగ్ చెక్ చేయాలి. ఇంత చేసినా తగ్గకపోతేనే ఫేజర్, చైన్ దాకా వెళ్లాలి. మొదటి మూడు పనులకు అయ్యే ఖర్చు, చివరి దానితో పోలిస్తే చాలా తక్కువ. స్కానర్‌తో కోడ్ డిలీట్ చేసి లైట్ ఆర్పేస్తే మాత్రం రోగం దాచుకున్నట్టే, తగ్గినట్టు కాదు.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా?

బేరానికి వెళ్లే ముందు అమ్మేవాళ్లకు ఒక్క మాట చెప్పండి.. కారు ముందుగా స్టార్ట్ చేసి ఉంచొద్దని. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే ఫేజర్ శబ్దం బయటపడుతుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఆయిల్ క్యాప్ తీసి లోపల టార్చ్ లైట్ వేసి చూడండి. నల్లటి మడ్డి పేరుకుని ఉంటే ఆలోచించాల్సిందే. సర్వీస్ రికార్డులో ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో తేదీలు చూడండి. కిలోమీటర్లు తక్కువ ఉన్నా, రెండేళ్లు ఆయిల్ మార్చని కారు కన్నా, ఎక్కువ తిరిగినా టైమ్‌కు సర్వీస్ చేయించిన కారే నయం.

చాలామందికి ఉండే డౌట్లు

డీజిల్ కార్లలో వీవీటీ ఉంటుందా? చాలా అరుదు. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు వాల్వులకు చాలా దగ్గరగా వస్తుంది. టైమింగ్ అటూ ఇటూ జరపడానికి అంత చోటు ఉండదు. పైగా గాలి సంగతి టర్బో చూసుకుంటుంది. అయినా 2010లో మిత్సుబిషి 1.8 లీటర్ డీజిల్ ఇంజిన్‌లో దీన్ని పెట్టి చూపించింది.

ఎలక్ట్రిక్ కార్లలో? వాటికి వాల్వులే ఉండవు. ఈ గొడవే లేదు.

వీవీటీ ఉంటే మైలేజీ గ్యారంటీనా? కాదు. ఇంజిన్‌కు సరైన టైమ్‌లో సరైన గాలి అందించడమే దాని పని. టైర్లలో గాలి తక్కువగా ఉన్నా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండినా, ఊరికే రేస్ చేస్తూ నడిపినా ఏ టెక్నాలజీ కాపాడలేదు.

మీ కారు చివరిసారి ఆయిల్ మార్చి ఎన్నాళ్లైంది? గుర్తు లేదంటే ఇవాళే బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ లాగి చూడండి. లెవల్ కింది గీత దగ్గరుంటే ఆలస్యం చేయకుండా మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిలే పోయించండి.